నీళ్ళు దాటిన స్టాంపులు: చిన్న ద్వీపాల ప్రైవేటు తపాలా బిళ్ళలను సేకరించడం ఎలా?

నా దగ్గర ఒక పాత కవరు ఉంది. ముందువైపు కుడి మూలన అయిదో జార్జి రాజు బొమ్మతో పెన్నీన్నర గోధుమరంగు స్టాంపు, దాని మీద ఇంగ్లండ్‌లోని డెవన్ తీరపు ఊరి తపాలా ముద్ర. ఇంతవరకు ఏ వింతా లేదు, 1930ల మొదట్లో ఇంగ్లండ్‌లో ఎవరు ఉత్తరం రాసినా కవరు ఇలాగే ఉండేది. తిప్పి చూస్తే, కవరు మడత అంచున ఇంకో చిన్న స్టాంపు కనబడుతుంది. దాని మీద రాజు లేడు. బొద్దు ముక్కుతో ఒక పక్షి ఉంది. విలువ రాసిన చోట ‘పెన్నీ’ అని కాకుండా ‘పఫిన్’ అని ఉంది. పైన ‘లండీ’ అన్న గుండ్రటి ముద్ర.

ఆ వెనకవైపు స్టాంపు ఏ ప్రభుత్వమూ వేసింది కాదు. ఆ ఉత్తరాన్ని ద్వీపం నుంచి ఒడ్డుకు చేర్చిన పడవ ఖర్చు కోసం ద్వీపం యజమాని అచ్చు వేయించుకున్నది. ఇలాంటి వాటిని స్టాంపుల లోకంలో ‘లోకల్స్’ అంటారు. ప్రభుత్వాలు గుర్తించని బిళ్ళలన్నిటికీ కలిపి వాడే ముద్దుపేరు ‘సిండరెల్లాలు’. పెద్ద క్యాటలాగులు చాలావరకు వీటిని పట్టించుకోవు. అందుకే కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు దారి తప్పుతారు. నేను తప్పాను కూడా. ఏది నిజంగా ఉత్తరం మోసింది, ఏది కేవలం అమ్మకానికే పుట్టింది అని తేల్చుకోవడం ఈ సేకరణలో అసలు పని. మిగతా మెట్లన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.

మొదటి మెట్టు: ఈ స్టాంపులు ఎందుకు పుట్టాయో తెలుసుకోండి

లండీ కథ తెలిస్తే సగం పాఠం వచ్చినట్టే. బ్రిస్టల్ ఛానల్‌లో, డెవన్ తీరానికి ఇరవై కిలోమీటర్ల లోపు దూరంలో ఉంది ఈ ద్వీపం. పొడవు అయిదు కిలోమీటర్లు, వెడల్పు కిలోమీటరుకు అటూఇటూ. 1925లో మార్టిన్ కోల్స్ హార్మన్ అనే లండన్ వ్యాపారి దీన్ని కొన్నాడు. 1927 చివర్లో బ్రిటిష్ తపాలా శాఖ లండీలోని పోస్టాఫీసు మూసేసింది. రెండేళ్ళ పాటు హార్మన్ ద్వీపవాసుల ఉత్తరాలను తన ఖర్చుతోనే ఒడ్డుకు చేర్చాడు. ఆ తర్వాత, 1929 నవంబరు 1న, రెండు స్టాంపులు తెచ్చాడు: అర పఫిన్‌ది గులాబీ రంగు, ఒక పఫిన్‌ది నీలం. ఒక పఫిన్ అంటే ఒక పెన్నీ. పఫిన్ అక్కడి సముద్రపు పక్షి. ‘లండీ’ అన్న పేరుకే పాత నార్స్ భాషలో ‘పఫిన్ల దీవి’ అని అర్థం.

హార్మన్ అదే ఏడాది నాణేలు కూడా పోయించాడు. నాణేల విషయంలో ప్రభుత్వం ఊరుకోలేదు. కేసు పెట్టి, 1930లో అయిదు పౌండ్ల జరిమానా, కోర్టు ఖర్చులు వేసింది. స్టాంపులను మాత్రం సాగనిచ్చింది, కాకపోతే తొలి దశాబ్దాల్లో అవి కవరు వెనకే అంటించాలి. నా కవరు వెనక పఫిన్ ఎందుకుందో ఇప్పుడు అర్థమైంది కదా. ద్వీపం నుంచి ఒడ్డుకు పఫిన్ స్టాంపు, ఒడ్డు నుంచి చిరునామాకు రాజు స్టాంపు. ఒకే ఉత్తరానికి రెండు చార్జీలు, రెండు ముద్రలు.

మన తెలంగాణ వాళ్ళకు ఈ ఏర్పాటు అంత కొత్తగా అనిపించదు. నిజాం రాజ్యం 1869 నుంచి సొంత స్టాంపులు వేసింది. అవి రాజ్యం లోపలే చెల్లేవి, సరిహద్దు దాటాలంటే బ్రిటిష్ ఇండియా స్టాంపు కావలసిందే. తేడా ఒక్కటే: నిజాం స్టాంపులు ఒక రాజ్యానివి, లండీవి ఒక ఇంటి యజమానివి.

న్యూజిలాండ్‌లోని గ్రేట్ బారియర్ ద్వీపానిది ఇంకా ముందు కథ, నాకు చాలా ఇష్టమైన కథ కూడా. 1894 అక్టోబరులో వైరరాపా అనే స్టీమరు ఆ ద్వీపపు రాళ్ళకు గుద్దుకుని వందమందికి పైగా చనిపోయారు. ఆ కబురు ఆక్లండ్ చేరడానికి మూడు రోజులు పట్టింది. ఆ ఆలస్యం జనాన్ని కదిలించింది. 1897లో పావురాల తపాలా మొదలైంది, 1898లో దానికి స్టాంపులు వచ్చాయి. విమానం ఇంకా పుట్టనే లేదు, గాలిలో వెళ్ళే ఉత్తరానికి స్టాంపు మాత్రం వచ్చేసింది. 1908లో టెలిగ్రాఫ్ కేబుల్ పడ్డాక పావురాలకు పని పోయింది.

ఈ రెండిటిలోనూ ఒకే లెక్క కనిపిస్తుంది. ద్వీపంలో మనుషులున్నారు, వాళ్ళకు ఉత్తరాలున్నాయి, మధ్యలో నీళ్ళున్నాయి, ప్రభుత్వ తపాలా అక్కడికి రాదు, లేదా అవసరానికి అందదు. ఈ నాలుగూ ఉన్న చోట పుట్టిన స్టాంపు నమ్మదగ్గది.

రెండో మెట్టు: అసలు, నకిలీ, రెండింటికీ మధ్య ఉన్నవి

నేను దెబ్బ తిన్నది ఇక్కడే. పదిహేనేళ్ళ క్రితం ఒక స్టాంపుల ప్రదర్శనలో ఒక డీలరు దగ్గర స్కాట్లండ్ ద్వీపాల స్టాంపులంటూ పెద్ద కట్ట కొన్నాను. పక్షులు, రైళ్ళు, పాత కార్లు, ఇంగ్లండ్ రాణి... రంగులు చూస్తే కళ్ళు చెదిరేవి. ఇంటికొచ్చి పట్టకారుతో ఒక్కొక్కటీ తిప్పి చూశాను. ప్రతి స్టాంపు మీదా తపాలా ముద్ర ఉంది, సరిగ్గా ఒకే మూలన, ఒకే కోణంలో. వెనక జిగురు చెక్కుచెదరలేదు. అంటే అవి ఏ కవరు మీదా అంటలేదు, ఏ నీళ్ళూ దాటలేదు. ముద్ర కూడా బొమ్మతో పాటు ప్రెస్సులోనే పడింది. ఆ రోజు చాలా బాధ పడ్డాను. ఇప్పుడు ఎవరు అడిగినా మొదట చెప్పేది ఈ పరీక్షే: ముద్ర ఉండి, వెనక జిగురు నిండుగా ఉంటే అనుమానించండి.

స్టాఫా, ఐన్‌హాలో అనే స్కాటిష్ ద్వీపాల పేర్లు మీకు తప్పకుండా తగులుతాయి. స్టాఫాలో నల్లరాతి స్తంభాల గుహ ఉంది, చూడదగ్గ చోటు, కానీ అక్కడ ఎవరూ కాపురం ఉండరు. ఐన్‌హాలో సంగతీ అంతే. ఉత్తరాలు రాసే మనిషే లేని చోటుకు వందల రకాల స్టాంపులు ఎందుకు? పిల్లలకు, థీమ్ ఆల్బమ్‌ల (ఒకే అంశం మీది స్టాంపులు చేర్చే) వాళ్ళకు అమ్మడానికి. స్టాఫా పేరుతో బంగారు రేకు మీద అచ్చు వేసినవి కూడా ఉన్నాయి. 1970ల ప్రాంతంలో ‘నాగాలాండ్’ పేరుతో కూడా ఇలాంటి బిళ్ళలు బ్రిటన్ నుంచి బజారులోకి వచ్చాయి. మన నాగాలాండ్ రాష్ట్రానికీ వాటికీ ఏ సంబంధమూ లేదు, ఆ బిళ్ళలతో ఒక్క ఉత్తరం కూడా నడవలేదు. మన దేశంలో పాత ఆల్బమ్‌లు కొంటే వాటిలో ఇవి తగలడం మామూలే.

ఇక మధ్యరకం. స్కాట్లండ్ వాయవ్య తీరంలో సమ్మర్ ఐల్స్ అనే దీవుల గుంపు ఉంది. అందులోని టనేరా మోర్ ద్వీపం నుంచి 1970లో మొదలుపెట్టి ‘సమ్మర్ ఐల్స్’ పేరిట స్టాంపులు వచ్చాయి. అక్కడికి వెళ్ళిన సందర్శకులు కార్డులు రాసి వాటితో పంపారు. సేకర్తలకు అమ్మి నాలుగు డబ్బులు సంపాదించాలన్న ఉద్దేశం ఉంది, నిజంగా మోసిన ఉత్తరాలూ ఉన్నాయి. స్కై అనే స్కాటిష్ దీవి పక్కన ఉన్న పాబే ద్వీపానిదీ ఇలాంటిదే. ఇలాంటి వాటిని తోసిపుచ్చకండి. కవరు చూసి నిర్ణయించండి.

కొనే ముందు నేను వేసుకునే ప్రశ్నలు ఇవి:

- ఆ ఏడాది ఆ ద్వీపంలో మనుషులు ఉన్నారా?
- ప్రభుత్వ పోస్టాఫీసు అక్కడ ఉందా? ఉంటే ప్రైవేటు స్టాంపు ఎందుకు?
- స్టాంపు వేసింది ద్వీపం యజమానా, పడవ నడిపేవాడా, లేక ఎక్కడో నగరంలో కూర్చున్న వ్యాపారా?
- అదే స్టాంపు ఉన్న నిజమైన కవరు ఎక్కడైనా కనబడిందా?

చివరి ప్రశ్నకు ‘లేదు’ అని జవాబొస్తే నేను డబ్బు తీయను.

ఒక విషయం కలగలుపుకోకండి. బ్రిటన్ చుట్టుపక్కల దీవులైన జెర్సీ, గర్న్‌సీ 1969 నుంచి, ఐల్ ఆఫ్ మాన్ 1973 నుంచి, ఆల్డర్నీ 1983 నుంచి వేస్తున్నవి అధికారిక స్టాంపులు. చిన్న ద్వీపం అయినంత మాత్రాన లోకల్ కాదు.

మూడో మెట్టు: ఒక్క ద్వీపంతో మొదలుపెట్టండి

అన్ని ద్వీపాలూ ఒకేసారి అంటే చేతిలో చిల్లర, ఆల్బమ్‌లో గందరగోళం. ఒకటి ఎంచుకోండి.

నా సలహా లండీ. కారణాలు సూటిగా చెప్తాను. 1929 నుంచి ఇప్పటికీ నడుస్తోంది. కొత్త స్టాంపులు ఇంకా వస్తున్నాయి. దీని మీదే పనిచేసే సేకర్తల క్లబ్ ఉంది, క్యాటలాగులు ఉన్నాయి. తొలి రోజుల కవర్లు ఖరీదే, అయినా వేలంలో అప్పుడప్పుడు వస్తూనే ఉంటాయి.

ముగిసిపోయిన కథ కావాలంటే హెర్మ్. ఇంగ్లిష్ ఛానల్‌లో గర్న్‌సీకి అయిదు కిలోమీటర్ల దూరంలో ఉన్న బుల్లి ద్వీపం. 1949లో స్టాంపులు మొదలయ్యాయి, 1969 అక్టోబరులో గర్న్‌సీ సొంత తపాలా పెట్టుకోగానే ఆగిపోయాయి. ఆ చుట్టుపక్కల ఉన్న జెథూ, లిహూ ద్వీపాలవీ అప్పుడే ఆగాయి. ఇరవై ఏళ్ళ సరుకు, ఆ తర్వాత కొత్తవి రావు. ‘పూర్తి చేశాను’ అన్న తృప్తి కావాలనుకునేవాళ్ళకు ఇది సరిపోతుంది.

అమెరికావైపు మొగ్గు ఉంటే ఒహాయో రాష్ట్రంలో, ఈరీ సరస్సులోని రాటిల్‌స్నేక్ ద్వీపం. 1966లో మొదలైంది. ఒహాయోలో మన తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు కాబట్టి అక్కడి స్టాంపు ప్రదర్శనల్లో మీ తరఫున వెతికేవాళ్ళు దొరకవచ్చు.

ఇంకో ముచ్చట చెప్పకుండా ఉండలేను. దక్షిణ అట్లాంటిక్‌లో ట్రిస్టన్ డా కున్హా అనే ద్వీపానికి 1946లో అలన్ క్రాఫర్డ్ అనే ఆయన స్టాంపులు గీశాడు. అప్పట్లో అక్కడ డబ్బు చెలామణీ పెద్దగా లేదు, బంగాళాదుంపలే మారకం. అందుకే పెన్నీ స్టాంపు మీద ‘4 బంగాళాదుంపలు’ అని కూడా అచ్చయింది. తపాలాకు వాటిని ఒప్పుకోలేదు, అధికారిక స్టాంపులు 1952లో వచ్చాయి. ఆ బంగాళాదుంప బిళ్ళ ఉత్తరం మోయలేదు, అది నాకు తెలుసు. అయినా దాన్ని నకిలీల పక్కన పెట్టను. ఉత్తరాలు రాసే మనుషులు నిజంగానే ఉన్న చోట, వాళ్ళకు స్టాంపు కావాలని అడిగిన కాగితం అది.

నాలుగో మెట్టు: చదవండి, ఆ తర్వాతే కొనండి

బ్రిటిష్ ద్వీపాల లోకల్స్‌కు గెరాల్డ్ రోసెన్ క్యాటలాగ్ అని ఒకటి ఉంది. పాతదే, పాత పుస్తకాల అమ్మకందారుల దగ్గర దొరుకుతుంది. ధరలు పట్టించుకోకండి. ఏ ద్వీపం ఎప్పుడు, ఏ స్టాంపు వేసిందో చూడటానికి వాడుకోండి. బ్రిటన్‌లో 1959లో పుట్టిన సిండరెల్లా స్టాంప్ క్లబ్ పత్రిక పాత సంచికలు కూడా ఇందుకు బాగా పనికొస్తాయి. మన దగ్గర, హైదరాబాద్ అబిడ్స్ జీపీఓలోని ఫిలాటెలిక్ బ్యూరోకు (సేకర్తలకు స్టాంపులు అమ్మే విభాగానికి) వచ్చే పాత సేకర్తలతో మాట్లాడండి. లోకల్స్ వాళ్ళ దగ్గర ఉండకపోవచ్చు. కానీ ముద్ర చదవడం, కాగితం చూడటం వాళ్ళ పక్కన నిలబడి నేర్చుకున్నంత బాగా ఏ పుస్తకమూ నేర్పదు.

అయిదో మెట్టు: కొనేటప్పుడు

ఈబే, డెల్‌క్యాంప్ లాంటి ఆన్‌లైన్ అమ్మకాల సైట్లలో వెతకండి. ద్వీపం పేరుతో పాటు ‘కవర్’ అన్న మాట కలిపి వెతికితే విడి స్టాంపుల వరద తగ్గుతుంది. అమ్మేవాళ్ళను రెండు వైపులా ఫొటోలు అడగండి. లండీ పాత కవరుకు ముందువైపు ఫొటో మాత్రమే పెట్టారంటే అసలు సరుకు చూపించనట్టే. వెనకవైపు పంపమని మర్యాదగా రాయండి. పంపకపోతే వదిలేయండి.

ఫొటో చేతికొచ్చాక ఏం చూడాలి? ద్వీపపు స్టాంపు మీది ముద్ర కవరు కాగితం మీదికి కూడా పాకిందా? పాకితే స్టాంపు అక్కడే అంటించి ముద్ర కొట్టారని అర్థం. ముద్ర స్టాంపు అంచుతో ఆగిపోతే, ఎవరో తర్వాత తెచ్చి అంటించి ఉండవచ్చు. రెండు ముద్రల తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. ద్వీపం ముద్ర ముందు, ఒడ్డు ముద్ర అదే రోజో ఒకటి రెండు రోజుల తర్వాతో ఉండాలి. గాలివాన ఉన్న శీతాకాలంలో పడవ ఆగిపోయి ఎక్కువ రోజులు పట్టిన కవర్లూ ఉంటాయి. అలాంటివి దొరికితే పండగే. అధికారిక స్టాంపు విలువ ఆనాటి చార్జీకి సరిపోయిందా అన్నదీ చూడండి. 1922 నుంచి 1940 దాకా బ్రిటన్ లోపలి ఉత్తరానికి పెన్నీన్నర.

చిరునామా కూడా చదవండి. స్టాంపు వ్యాపారి పేరుకు పంపిన కవరు సేకర్తల కోసం తయారైనది. ఇంట్లోవాళ్ళకు, పాలవాడికి, బ్యాంకుకు రాసిన కవరు నిజంగా అవసరమై నీళ్ళు దాటినది. రెండో రకానికి పది రూపాయలు ఎక్కువ పెట్టినా నష్టం లేదు.

తలకిందులైన బొమ్మలు, పర్ఫొరేషన్ (చింపడానికి వేసే చిల్లుల వరస) లేని అంచులు చూసి ఎగబడకండి. 1960, 70ల లోకల్స్‌లో ఇలాంటి ‘తప్పులు’ చాలావరకు కావాలని అచ్చు వేసి ఎక్కువ ధరకు అమ్మినవే.

విదేశాల నుంచి తెప్పించేటప్పుడు రిజిస్టర్డ్‌గా పంపమనండి, రెండు అట్టముక్కల మధ్య పెట్టమనండి. కస్టమ్స్ పన్ను పడే అవకాశం ఉంది, ఆ లెక్క ముందే వేసుకోండి.

ఆరో మెట్టు: మన వాతావరణంలో కాపాడుకోవడం

కాకినాడలో మా ఇల్లు సముద్రానికి దగ్గర. జూలై, ఆగస్టుల్లో కాగితం చేతికి మెత్తగా తగులుతుంది. అలాంటి ఒక వానాకాలం నా హెర్మ్ మింట్ (వాడని, జిగురు ఉన్న) స్టాంపులు ఏడు ఆల్బమ్ పేజీకి అంటుకుపోయాయి. లాగితే చిరిగేవే. అడుగున తడి స్పాంజి పెట్టిన మూత డబ్బాలో, స్పాంజికి తగలకుండా ప్లాస్టిక్ జల్లెడ మీద ఆ పేజీ ముక్కను ఉంచి, గంటకోసారి తీసి చూశాను. నాలుగో గంటకు మొదటి స్టాంపు మూల లేచింది. ఏడూ బయటపడ్డాయి, మూడింటికి జిగురు కొంచెం చెదిరింది.

అప్పటి నుంచి నా పద్ధతి ఇదీ. ప్లాస్టిక్ కవర్లు కొనేటప్పుడు పీవీసీ కాదని అడిగి, పాలియెస్టర్‌వో పాలీప్రొపిలీన్‌వో తీసుకుంటాను. ఆల్బమ్‌లను పడుకోబెట్టను, పుస్తకాల్లా నిలబెడతాను. ఒకదాని బరువు ఒకదాని మీద పడకూడదు. డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, నెలకోసారి మారుస్తాను. కలరా ఉండలు మాత్రం స్టాంపుల దగ్గరకు రానివ్వను. వానలు తగ్గాక ఒక పొడి రోజు చూసి, నీడపట్టున ఫ్యాను కింద పేజీలన్నీ తెరిచి ఆరబెడతాను.

అన్నిటికన్నా ముఖ్యం: కవరు మీంచి స్టాంపును ఎప్పుడూ కత్తిరించకండి, నీళ్ళలో నానబెట్టి ఊడదీయకండి. మామూలు స్టాంపుల్లో మనందరికీ చిన్నప్పటి నుంచి అలవాటైన పని అది. లోకల్స్‌లో అలా చేస్తే రెండు ముద్రలు, రెండు తేదీలు, చిరునామా అన్నీ పోయి ఒక రంగు కాగితం ముక్క మిగులుతుంది.

ఏడో మెట్టు: మీ పేరు మీదే ఒక కవరు

బ్రిటన్‌లో చదువుకుంటున్న, ఉద్యోగం చేస్తున్న తెలుగు పిల్లలు ఇప్పుడు ప్రతి వీధికీ ఒకరు ఉన్నారు. మా అక్క కొడుకు అక్కడ ఉన్నప్పుడు సెలవుల్లో ఎక్కడికైనా వెళ్దామనుకుంటున్నాం మామయ్యా అన్నాడు. లండీకి వెళ్ళరా అన్నాను. మార్చి చివరి నుంచి అక్టోబరు దాకా బైడ్‌ఫర్డ్ నుంచో ఇల్ఫ్రకూమ్ నుంచో ఓల్డెన్‌బర్గ్ అనే ఓడ వెళ్తుంది. ఉదయం వెళ్ళి సాయంత్రానికి రావచ్చు. ఎలుకలను పూర్తిగా నిర్మూలించాక పఫిన్లు మళ్ళీ పెరిగి ఇప్పుడు వెయ్యి దాటాయి. వేసవి మొదట్లో వెళ్తే స్టాంపు మీది పక్షిని కళ్ళారా చూడవచ్చు.

మీ వాళ్ళు ఎవరైనా వెళ్తుంటే వాళ్ళకు ఇలా చెప్పండి. ద్వీపంలో లండీ స్టాంపు కొనాలి. ఇప్పుడు ఆ ధరలోనే ఒడ్డు తర్వాత రాయల్ మెయిల్ ఖర్చు కూడా కలిసి ఉంటుంది. ఇండియాకు అని ముందే చెప్పి సరైన విలువ తీసుకోవాలి. ఖాళీ కార్డు పంపకుండా రెండు ముక్కలు రాయాలి, తేదీ వెయ్యాలి. చిరునామా కింద పిన్‌కోడ్, ‘ఇండియా’ పెద్ద అక్షరాల్లో రాయాలి. ఓడ ఎక్కేముందు ద్వీపంలోనే పెట్టెలో వెయ్యాలి. జేబులో పెట్టుకుని ఒడ్డుకొచ్చి వేస్తే లండీ ముద్ర పడదు.

మా వాడి కార్డు మూడు వారాలకు వచ్చింది. ఓ మూల వానచుక్క పడి సిరా కాస్త పాకింది. ‘మామయ్యా, పఫిన్లు పదకొండు చూశాను, గాలికి టోపీ ఎగిరిపోయింది’ అని రాశాడు. ఆల్బమ్‌లో దాన్ని 1930ల కవరుకు ఎదురు పేజీలో పెట్టాను.